నెల్లూరు, ఒంగోలు గాలిలోని ధూళి ఎక్కడిది? స్థిర ఐసోటోపులతో మూలాలను గుర్తించే పద్ధతి

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన ఏదైనా మేడ మీద తెల్లటి క్వార్ట్జ్ ఫిల్టరు అమర్చి 24 గంటలు దాని గుండా గాలిని లాగితే, మరునాటికి అది బూడిద రంగుకు తిరుగుతుంది. తూకం వేస్తే ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల ధూళి ఉందో తెలుస్తుంది. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం 2.5 ధూళి (2.5 మైక్రోమీటర్ల లోపు కణాలు) 24 గంటల సగటున 60, ఏడాది సగటున 40 మైక్రోగ్రాములను దాటరాదు; పీఎం 10కి ఆ హద్దులు 100, 60. హద్దు దాటిందో లేదో చెప్పడంతో తూకం పని ముగుస్తుంది. ఆ మసి జాతీయ రహదారి మీది లారీలదో, కృష్ణపట్నం వైపు కాలే బొగ్గుదో, వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగదో, రొయ్యల గుంటల దగ్గర తిరిగే జనరేటర్లదో తూకం చెప్పలేదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ప్రమాణాలను అందుకోలేని నగరాలుగా గుర్తించిన ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి కనుక, ఎవరి పొగను ముందు తగ్గించాలన్న నిర్ణయానికి ఈ ప్రశ్నకు జవాబు కావాలి. ఆ జవాబులో కొంత భాగాన్ని ఐసోటోపులు ఇవ్వగలవు. ఎంత భాగమో ముందే తెలుసుకొని పని మొదలుపెట్టడం మంచిది.

ఈ మార్గదర్శిని కళాశాల అధ్యాపకులనూ పరిశోధక విద్యార్థులనూ దృష్టిలో ఉంచుకొని రాసినది. గాలి నమూనా యంత్రం మీ దగ్గర ఉంటుందని, మాస్ స్పెక్ట్రోమీటరు ఉండదని, కొలత కోసం నమూనాలను వేరే సంస్థకు పంపుతారని అనుకుంటున్నాను.

కొలిచేది ఏమిటి

ఒకే మూలకానికి చెందిన పరమాణువుల్లో ప్రోటాన్లు సమానంగా ఉండి న్యూట్రాన్ల సంఖ్య మారితే వాటిని ఐసోటోపులు అంటాం. మన పాఠ్యపుస్తకాల్లో సమస్థానీయాలు అన్న పేరు కూడా ఉంది. ప్రకృతిలోని కార్బన్‌లో దాదాపు 98.9 శాతం కార్బన్-12, 1.1 శాతం కార్బన్-13. ఈ రెండూ కాలంతో క్షీణించవు. వాటి నిష్పత్తి మాత్రం మూలాన్ని బట్టి అతి స్వల్పంగా మారుతుంది. ఆ మార్పు శాతాల్లో చెప్పలేనంత చిన్నది కాబట్టి వేయింటికి ఎంత అని చెబుతారు, దానినే పర్ మిల్ అంటారు. నమూనాలోని నిష్పత్తిని ప్రామాణిక పదార్థపు నిష్పత్తితో భాగించి, ఒకటి తీసివేసి, వేయితో గుణిస్తే వచ్చేదే డెల్టా విలువ. కార్బన్‌కు ప్రామాణికం వియన్నా పీడీబీ, నత్రజనికి గాలిలోని నత్రజని, గంధకానికి వియన్నా సీడీటీ. డెల్టా 13సి విలువ మైనస్ 27 అంటే, ప్రామాణిక పదార్థంతో పోలిస్తే నమూనాలో కార్బన్-13 నిష్పత్తి వేయింటికి 27 వంతులు తక్కువ అని అర్థం.

మొక్కలు ఈ తేడాను పుట్టిస్తాయి. వరి, పొగాకు, సరుగుడు, జామాయిల్, సుబాబుల్, సర్కారు తుమ్మ, మామిడి, ఇవన్నీ సీ3 పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. వాటి విలువ సగటున మైనస్ 27 దగ్గర ఉంటుంది. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు సీ4 మొక్కలు. వాటి విలువ మైనస్ 12, మైనస్ 13 ప్రాంతంలో ఉంటుంది. బొగ్గు సాధారణంగా మైనస్ 23 నుంచి మైనస్ 26 వరకు, పెట్రోలు, డీజిలు మైనస్ 24 నుంచి మైనస్ 29 వరకు ఉంటాయి. సముద్రపు సున్నపురాయిలోని కార్బొనేటు సున్నాకు దగ్గరగా ఉంటుంది.

ముందు ప్రశ్న, తరువాత ఫిల్టరు

పై అంకెలను మరోసారి చూస్తే మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు కనిపిస్తుంది. నెల్లూరు డెల్టాలో తగలబడే వరిగడ్డి మైనస్ 27. ప్రకాశంలో వర్జీనియా పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే (క్యూరింగ్) బ్యారన్ల పొయ్యిల్లోకి వెళ్లే కట్టెలు, అవి సరుగుడైనా తుమ్మైనా జామాయిలైనా, మైనస్ 27 చుట్టుపక్కలే. రహదారి మీది డీజిలు పొగ కూడా అక్కడికే వస్తుంది. మూడు వేరువేరు మూలాలు ఒకే అంకె మీద కూర్చున్నాయి. ఫిల్టరు మీది కార్బన్ విలువ మైనస్ 26.8 అని ప్రయోగశాల చెబితే, అది పొగాకు పొగనో లారీ పొగనో తేల్చడానికి ఆ అంకె ఒక్కటే ఏ విధంగానూ చాలదు. డెల్టా 13సి ఒక్కదాన్నే కొలిచి, పట్టణ కాలుష్యంలో ఇంత శాతం వాహనాలది అని రాసే నివేదిక ఈ రెండు జిల్లాల విషయంలో నమ్మదగినది కాదని నా అభిప్రాయం.

కాబట్టి మొదటి పని కాగితం మీద జరగాలి. మీ పట్టణానికి పొగను, ధూళిని పంపగల మూలాలన్నింటినీ రాసి, ప్రతి జంటకూ ఎదురుగా ఆ రెండింటినీ ఏ మూలకం విడదీయగలదో రాయాలి. జొన్న చొప్ప పొగకూ డీజిలుకూ మధ్య తేడా ఉన్నదా అంటే డెల్టా 13సి చాలు, తేడా పది పర్ మిల్ ప్రాంతంలో ఉంటుంది. కట్టెల పొగకూ డీజిలుకూ మధ్య అయితే కార్బన్-14 కావాలి. సముద్రపు ఉప్పులోని గంధకానికీ బొగ్గు గంధకానికీ మధ్య డెల్టా 34ఎస్ పనిచేస్తుంది. బొగ్గు బూడిదకూ పాత బ్యాటరీల సీసానికీ మధ్య సీసపు ఐసోటోపులను చూడాలి. చీమకుర్తి క్వారీ దుమ్ముకూ ఇతర మట్టికీ మధ్య స్ట్రాన్షియం పనికొస్తుంది. వరిగడ్డి పొగకూ పొగాకు బ్యారన్ కట్టెల పొగకూ మధ్య మాత్రం కార్బన్ ఐసోటోపులు ఏవీ గీత గీయలేవు. రెండూ నేటి కాలపు సీ3 మొక్కలే. అక్కడ కాలం, గాలి దిక్కు, రసాయన గుర్తులు సాయపడాలి. పొగాకు క్యూరింగ్ జనవరి నుంచి మార్చి వరకు ముమ్మరంగా సాగుతుంది. నెల్లూరులో ఎడగారు (రెండో పంట వరి) కోతలు వర్షాకాలం మధ్యలో వస్తాయి. ఈ కాలభేదాన్ని వాడుకోవచ్చు.

కార్బన్-14 స్థిర ఐసోటోపు కాదు, దాని అర్ధాయువు 5730 ఏళ్లు. అయినా ఈ పనిలో దాన్ని వదిలిపెట్టడం తెలివైన పొదుపు కాదు. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గులో, చమురులో అది పూర్తిగా నశించి ఉంటుంది. నిన్న కోసిన గడ్డిలోనూ, కట్టెలోనూ, పిడకలోనూ నేటి గాలిలో ఉన్నంత ఉంటుంది. కొలతలో నేటి కార్బన్ వాటా 0.6 అని వస్తే, ఫిల్టరు మీది కార్బన్‌లో సుమారు 60 శాతం జీవపదార్థం నుంచి, 40 శాతం శిలాజ ఇంధనాల నుంచి వచ్చిందని స్థూలంగా చెప్పవచ్చు. 1960ల ప్రాంతపు అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగి ఉండేది; అప్పటి నుంచి బతికిన ముసలి చెట్టు కట్టెలో ఆ అదనం కనిపిస్తుంది కాబట్టి చిన్న సవరణ అవసరమవుతుంది. మన దేశంలో ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్, అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల ఈ కొలతకు కావలసిన యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్లను నడుపుతున్నాయి. నమూనాలన్నింటికీ చేయించే స్తోమత లేకపోతే, ప్రతి కాలానికీ రెండు మూడు ఫిల్టర్లను ఎంచి చేయించినా డెల్టా 13సికి దిక్సూచి దొరుకుతుంది.

మూలాల నమూనాలు మీ ఊరివే కావాలి

చాలామంది ఈ మెట్టును దాటేసి, ఎక్కడో వేరే ఖండంలో కొలిచిన విలువలను తెచ్చి తమ లెక్కలో పెట్టుకుంటారు. బొగ్గు గంధకపు విలువ గనిని బట్టి మైనస్‌ల నుంచి ప్లస్ ఇరవై వరకు మారగలదు. కృష్ణపట్నం రేవు పక్కన ఉన్న విద్యుత్ కేంద్రాలు దేశీయ బొగ్గునూ, ఓడల్లో దిగుమతి అయిన బొగ్గునూ వాడుతూ వచ్చాయి. ఈ రెండింటికీ ఒకే విలువ ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. అందుకని పట్టణపు గాలిని కొలవడానికి ముందే మూలాలను కొలవాలి.

ఇంధనాన్ని మాత్రమే సేకరిస్తే సరిపోదు, దాని పొగను కూడా సేకరించాలి. కాలేటప్పుడు ఐసోటోపుల నిష్పత్తి కొంత కదులుతుంది. సీ3 మొక్కల పొగ విలువ మొక్క విలువకు దాదాపు ఒక పర్ మిల్ లోపలే ఉంటుంది. సీ4 మొక్కల పొగ మాత్రం మొక్క కంటే కొన్ని పర్ మిల్‌లు కిందికి జారుతుంది. కందుకూరు, కొండపి, టంగుటూరు ప్రాంతాల్లో బ్యారన్ యజమాని అనుమతితో గొట్టం నోటికి దూరంగా, పొగ చల్లబడి గాలిలో కలిసే చోట చిన్న పంపుతో ఫిల్టరు మీదికి లాగడం ఒక పద్ధతి. డీజిలు మసికి బస్సు సైలెన్సర్ లోపలి గోడను గీకడం కంటే, ఇంజను నడుస్తుండగా కొంత దూరంలో ఫిల్టరు పట్టడం మంచిది. గీకిన మసిలో పాత నూనె, తుప్పు కలిసి ఉంటాయి. రోడ్డు దుమ్మును కుంచెతో ఊడ్చి, జల్లెడ పట్టి సన్నటి భాగాన్ని తీసుకోవాలి.

పిడకల విషయంలో ఒక ముచ్చట చెప్పాలి. పేడ విలువ మేత విలువను అనుసరిస్తుంది. నెల్లూరు డెల్టాలో వరిగడ్డి తినే గేదె పేడ మైనస్ 27 దగ్గర ఉంటే, ప్రకాశం మెట్ట ఊరిలో జొన్న చొప్ప తినే ఒంగోలు ఆవు పేడ సీ4 విలువ వైపు జరుగుతుంది. పిడకలు అని పుస్తకంలో ఒకే వరుసలో ఇచ్చే అంకె మన రెండు జిల్లాలకూ ఒకటే కాకపోవచ్చు. పిడకలు కొన్నచోట పశువులకు ఏమి వేస్తారో అడిగి రాసుకోవడం ఈ పనిలో భాగమే.

చోటు, కాలం, గాలి

కృష్ణపట్నం నెల్లూరుకు ఆగ్నేయంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచినప్పుడు ఆ వైపు గాలి పట్టణం మీదికి వస్తుంది. రాత్రి పొద్దుపోయాక నేల గాలి తిరగబడుతుంది. 24 గంటల ఫిల్టరు ఈ రెండు గాలులనూ కలగాపులగం చేసి ఒకే అంకెగా ఇస్తుంది. అందుకని మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకు ఒక ఫిల్టరు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మరొకటి పెట్టడం నాకు మేలనిపిస్తుంది. ఒంగోలులో కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. పట్టణానికి తూర్పున కొత్తపట్నం తీరం, పడమట చీమకుర్తి క్వారీలు ఉన్నందున గాలి దిక్కు మారినప్పుడు ధూళి స్వభావమే మారుతుంది.

ఏడాదంతా కొలవలేకపోతే నాలుగు కాలాలను ఎంచుకోవచ్చు: పొగాకు క్యూరింగ్ సాగే జనవరి, ఫిబ్రవరి నెలలు, పడమటి వడగాలి వీచే మే చివరి రోహిణి కార్తె దినాలు, ఎడగారు కోతల కాలం, ఈశాన్య రుతుపవనాల వానలు పడే నవంబరు. ఈ చివరిదానిని వాన ధూళిని కడిగేస్తుంది కదా అని వదిలేయకూడదు. స్థానిక ధూళి తగ్గినప్పుడు సముద్రపు ఉప్పు భాగం స్పష్టంగా కనిపించేది అప్పుడే. యంత్రం పెట్టే మేడ చుట్టూ కట్టెల పొయ్యి, టీ కొట్టు, జనరేటరు లేకుండా చూసుకోవాలి. ఆదివారం వచ్చి చూస్తే కనిపించని బిర్యానీ పొయ్యి సోమవారం సాయంత్రం కనిపిస్తుంది, కనుక చోటును కనీసం వారం రోజులు గమనించి ఖాయం చేయాలి. ప్రతి గంటా గాలి దిక్కు, వేగం రాసుకోవాలి. గాలి ఏ దారిన వచ్చిందో వెనక్కి లెక్కించే హైస్ప్లిట్ అనే ఉచిత సాధనాన్ని తరువాత వాడుకోవచ్చు. అయితే సముద్రపు గాలి వంటి చిన్న స్థాయి కదలికలను అది అంత బాగా పట్టుకోదు.

ఫిల్టరు పని

కార్బన్, నత్రజని, గంధకం కోసం క్వార్ట్జ్ ఫిల్టరు, లోహాల కోసం టెఫ్లాన్ ఫిల్టరు వాడాలి. క్వార్ట్జ్ ఫిల్టర్లను వాడే ముందు 500 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కొన్ని గంటలు కాల్చి, వాటిలోని కార్బన్‌ను పోగొట్టాలి. చుట్టే అల్యూమినియం రేకును కూడా అలాగే కాల్చాలి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు కాల్చిన ఫిల్టర్లను మామూలు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టాను. గాలి లాగని ఖాళీ ఫిల్టరులోనే నమూనాలో ఉండే కార్బన్‌లో మూడో వంతు కనిపించేసరికి ఆరు వారాల శ్రమను పక్కన పెట్టవలసి వచ్చింది. ప్రతి పది ఫిల్టర్లకు ఒకటైనా క్షేత్రపు ఖాళీ ఫిల్టరు ఉండాలి: దాన్ని యంత్రంలో అమర్చి, పంపు వేయకుండా, మిగతావాటిలాగే తీసి, చుట్టి, మైనస్ 20 డిగ్రీల వద్ద నిల్వ చేయాలి.

ఎంత గాలి లాగాలన్నది అంచనా కాదు, లెక్క. అధిక ప్రవాహ యంత్రం నిమిషానికి 1.13 ఘనపు మీటర్ల గాలిని లాగితే 24 గంటల్లో 1627 ఘనపు మీటర్లు అవుతుంది. గాలిలో ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల కార్బన్ ఉందనుకుంటే ఫిల్టరు మీద 16 మిల్లీగ్రాములకు పైగా చేరుతుంది. ధూళి పడే భాగం సుమారు 406 చదరపు సెంటీమీటర్లు కాబట్టి ఒక చదరపు సెంటీమీటరుకు 40 మైక్రోగ్రాములు. రెండు సెంటీమీటర్ల వ్యాసం గల బిళ్లను కత్తిరిస్తే అందులో 126 మైక్రోగ్రాముల కార్బన్ ఉంటుంది. మామూలు ఎలిమెంటల్ అనలైజర్‌కు కలిపిన మాస్ స్పెక్ట్రోమీటరుకు ఇది చాలు. నత్రజనికి దీనికి రెండు మూడు రెట్ల వైశాల్యం కావచ్చు. ఇప్పుడు పైన చెప్పిన ఎనిమిది గంటల పద్ధతికి వస్తే, ఒక ఫిల్టరు మీద మూడో వంతు ధూళే పడుతుంది, అదే బిళ్లలో 42 మైక్రోగ్రాములే మిగులుతుంది. అందుకు వరుసగా మూడు రోజుల సముద్రపు గాలిని ఒకే ఫిల్టరు మీద, మూడు రాత్రుల నేల గాలిని మరో ఫిల్టరు మీద పట్టడం సులువైన పరిష్కారం. నిమిషానికి 16.7 లీటర్లు లాగే చిన్న యంత్రమైతే 24 గంటల్లో 24 ఘనపు మీటర్లే వస్తుంది. దాని 47 మిల్లీమీటర్ల ఫిల్టరు మీద 240 మైక్రోగ్రాముల కార్బన్ ఉంటుంది. ఒక్క కార్బన్ కొలతకు సరిపోవచ్చు గాని గంధకానికీ కార్బన్-14కీ మిగలదు.

ఫిల్టరును కత్తిరించడానికి ముందు ఏ ముక్క ఏ కొలతకు పోతుందో పటం గీసుకోవడం అలవాటు చేసుకోండి.

ప్రయోగశాలలో కార్బన్, నత్రజని

ధూళిలో సున్నం ఉంటే కార్బన్ కొలత తప్పుదారి పడుతుంది. ప్రకాశం నల్లరేగడిలో సున్నపు గులకలు ఉంటాయి, తీరంలో గుల్లలు ఉంటాయి, పట్టణంలో సిమెంటు ఉంటుంది. ఫిల్టరు మీది కార్బన్‌లో 95 శాతం మైనస్ 27 గల సేంద్రియ కార్బన్, కేవలం 5 శాతం సున్నా విలువ గల కార్బొనేటు అనుకుంటే మొత్తం విలువ మైనస్ 25.65 అవుతుంది. ఈ 1.35 పర్ మిల్ మార్పు యంత్రపు లోపం కంటే ఎన్నో రెట్లు పెద్దది; చూసినవారు బొగ్గు పొగ అని పొరబడతారు. నివారణకు బిళ్లను డెసికేటర్‌లో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిలో ఒక రోజు ఉంచి, తరువాత ఆ ఆవిరి పోయేలా ఆరబెట్టాలి. ఈ పని ఫ్యూమ్ హుడ్ లోపలే చేయాలి. ఆమ్లం తగిలిన బిళ్లను కార్బన్‌కు మాత్రమే వాడి, నత్రజనికి ఆమ్లం తగలని వేరే బిళ్లను పంపాలి. పీఎం 10లో ఈ బెడద ఎక్కువ, పీఎం 2.5లో తక్కువ.

బిళ్లను తగరపు గుళికలో మడిచి పంపితే, ప్రయోగశాలలో దాన్ని ఆక్సిజన్‌లో కాల్చి కార్బన్ డయాక్సైడుగా మార్చి 44, 45 ద్రవ్యరాశుల కిరణాలను పోలుస్తారు. మీరు అడగవలసినవి రెండు ప్రశ్నలు. విలువను సరిచేయడానికి యూఎస్‌జీఎస్ 40 వంటి కనీసం రెండు ప్రామాణికాలను, దూరదూరపు విలువలు గలవాటిని వాడుతున్నారా అన్నది మొదటిది. మీ నమూనాలోని కార్బన్ పరిమాణానికి దగ్గరగా ఉండే ప్రామాణికాలను కూడా నడుపుతున్నారా అన్నది రెండవది. పరిమాణం తగ్గినప్పుడు యంత్రపు విలువ పక్కకు జరగడం మామూలే.

నత్రజని గురించి క్లుప్తంగా చెబుతాను. యూరియా వేసిన పొలాల నుంచి, పశువుల పాకల నుంచి వచ్చే అమోనియా వాయువుకు డెల్టా 15ఎన్ విలువ మైనస్‌లలో బాగా కిందికి ఉంటుంది. కాని ఆ వాయువు ధూళిలో అమ్మోనియంగా మారేటప్పుడు 25 డిగ్రీల వద్ద సుమారు 33 పర్ మిల్ పైకి జరగగలదు. ధూళిలో ప్లస్ విలువ కనిపించినంత మాత్రాన పొలాలకు సంబంధం లేదనడం తొందరపాటు. అమోనియా వాయువును కూడా విడిగా పట్టి కొలిచే వీలు లేనప్పుడు నత్రజనిని మూల నిర్ణయానికి వాడవద్దనే నా సలహా.

గంధకం: తీర ప్రాంతానికి అసలైన సాధనం

సముద్ర జలంలోని సల్ఫేటు డెల్టా 34ఎస్ విలువ ప్రపంచమంతటా ప్లస్ 21 దగ్గర స్థిరంగా ఉంటుంది. ఇంత నమ్మకమైన మూల విలువ ఇంకే మూలానికీ దొరకదు. ఫిల్టరు ముక్కను అతి శుద్ధమైన నీటిలో నానబెట్టి, అల్ట్రాసోనిక్ స్నానంలో కదిలించి, వడకట్టి, ఆ నీటిని ఆమ్లీకరించి బేరియం క్లోరైడు కలిపితే తెల్లటి బేరియం సల్ఫేటు అడుగున చేరుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, వనేడియం పెంటాక్సైడుతో కలిపి గుళికలో పంపాలి. అరమిల్లీగ్రాము బేరియం సల్ఫేటులో సుమారు 69 మైక్రోగ్రాముల గంధకం ఉంటుంది. అదే వడకట్టిన నీటిలో కొంత విడిగా ఉంచి సోడియం, సల్ఫేటు పరిమాణాలను అయాన్ క్రోమటోగ్రఫీతో కొలిపించాలి, ఎందుకంటే అవి లేకుండా తరువాతి లెక్క సాగదు.

ఆ లెక్క ఇది. సముద్రపు ఉప్పులో ప్రతి గ్రాము సోడియానికి 0.25 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. ఉదాహరణకు ఊహించిన అంకెలు తీసుకుందాం: గాలిలో సల్ఫేటు 8, సోడియం 4 మైక్రోగ్రాములు, మొత్తం సల్ఫేటు డెల్టా విలువ ప్లస్ 6.5. సముద్రపు ఉప్పు తెచ్చిన సల్ఫేటు 4ను 0.25తో గుణిస్తే 1 మైక్రోగ్రాము. మిగిలిన 7 మైక్రోగ్రాముల విలువ కావాలంటే, 8ని 6.5తో గుణించిన 52 నుంచి 21 తీసివేసి 7తో భాగించాలి: ప్లస్ 4.4. ఈ 4.4ను మీరు స్వయంగా కొలిపించిన బొగ్గు, డీజిలు విలువలతో పోల్చాలి, మొదటి 6.5ను కాదు. సముద్రపు సూక్ష్మజీవులు విడిచే గంధక వాయువుల నుంచి పుట్టే సల్ఫేటు కూడా ప్లస్ పదిహేను నుంచి ఇరవై వరకు ఉంటుంది. దానికి సోడియం తోడుండదు కనుక ఈ సవరణకు చిక్కదు. సముద్రపు గాలి ఫిల్టర్లలో విలువ కొంచెం ఎక్కువగా వస్తే ముందు దాన్ని అనుమానించాలి.

సీసం, స్ట్రాన్షియం

భారీ మూలకాల ఐసోటోపులు కాలడంలోనూ గాలిలో ప్రయాణించడంలోనూ లెక్కించదగినంతగా మారవు. ఆ స్థిరత్వమే వాటి బలం. దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది కాబట్టి నేటి గాలిలోని సీసం బొగ్గు బూడిద, పాత బ్యాటరీలను కరిగించే పని, పాత రంగులు, లేచిన రోడ్డు దుమ్ము వంటి వాటి నుంచి రావాలి. సీసం-206కు సీసం-207తో గల నిష్పత్తిని, సీసం-208కు సీసం-206తో గల నిష్పత్తిని పటంలో చుక్కలుగా గుర్తిస్తే, మూలాల మధ్య కలయిక దాదాపు సరళరేఖగా కనిపిస్తుంది.

స్ట్రాన్షియం మన ప్రాంతంలో చాలా ఆసక్తికరమైనది. చీమకుర్తి దగ్గర రామతీర్థం క్వారీల గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గాని, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. అందులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ ఖనిజానివి. గాబ్రోలో రుబిడియం తక్కువ. రుబిడియం-87 నెమ్మదిగా క్షీణించి స్ట్రాన్షియం-87గా మారుతుంది కాబట్టి, రుబిడియం ఎక్కువగా ఉండే పాత గ్రానైట్లలో, గూడూరు వైపు మైకా రాళ్లలో స్ట్రాన్షియం-87కు స్ట్రాన్షియం-86తో గల నిష్పత్తి ఎక్కువగా, గాబ్రోలో తక్కువగా ఉండాలి. సముద్రపు నీటిలో అది 0.7092. ఒంగోలు ధూళిలో క్వారీ దుమ్ము ఎంత అన్న వాదనకు ఈ నిష్పత్తి సూటిగా సమాధానం చెప్పగలదు. ఇటువంటి కొలతలకు కావలసిన పరికరాలు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల ఉంటాయి. టెఫ్లాన్ ఫిల్టరును లోహపు చిమటాతో పట్టుకోకూడదు, ప్లాస్టిక్‌ది వాడాలి.

లెక్క కట్టడం

ముందు ఖాళీ ఫిల్టరును తీసివేయాలి. 126 మైక్రోగ్రాముల కార్బన్ గల బిళ్ల మైనస్ 25.8 చూపితే, ఖాళీ బిళ్లలో మైనస్ 28 గల 6 మైక్రోగ్రాములు ఉంటే, సరిచేసిన విలువ మైనస్ 25.69. తేడా స్వల్పమే. అదే ఖాళీకి బిళ్లలో 40 మైక్రోగ్రాములే ఉంటే విలువ మైనస్ 25.41కి పోతుంది. తక్కువ ధూళి ఉన్న వానాకాలపు ఫిల్టర్లలో ఈ సవరణ చాలాసార్లు ఫలితాన్నే మార్చేస్తుంది.

రెండు మూలాలు మాత్రమే ఉన్నప్పుడు మొదటి మూలపు వాటా కనుక్కోవడం సులభం: నమూనా విలువ నుంచి రెండవ మూలపు విలువను తీసివేసి, ఆ శేషాన్ని రెండు మూలాల విలువల తేడాతో భాగించాలి. మూలాల మధ్య తేడా 14 పర్ మిల్ ఉండి కొలతలో 0.3 పర్ మిల్ అనిశ్చితి ఉంటే వాటాలో తప్పు రెండు శాతం చుట్టూ ఉంటుంది. తేడా ఒక్క పర్ మిల్ మాత్రమే అయితే అదే 0.3 వల్ల వాటాలో తప్పు 30 శాతం అవుతుంది. దానికి మూలపు విలువల్లోని చెదురును కూడా కలిపితే చెప్పడానికి ఏమీ మిగలదు. మూలాలు మూడు, నాలుగు ఉన్నప్పుడు ఒక్క మూలకం చాలదు. కార్బన్, గంధకం, సీసం కలిపి మిక్స్‌సియార్ వంటి బేసియన్ (సంభావ్యతల మీద నడిచే) గణాంక సాధనంలో పెట్టాలి. అది ఒకే అంకెకు బదులు వాటా ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చెబుతుంది. ఆ పరిధి పది నుంచి ఎనభై శాతం వరకు వస్తే సగటును మాత్రం పత్రికకు చెప్పడం న్యాయం కాదు. పరిధి మొత్తాన్ని రాయాలి. పొటాషియం, లెవోగ్లూకోసాన్ వంటి పొగ గుర్తులు అదే దిశను చూపుతున్నాయా అని పక్కన సరిచూసుకోవాలి.

నివేదికలో ప్రతి విలువకూ ఎదురుగా బిళ్లలోని కార్బన్ పరిమాణం, ఖాళీ విలువ, వాడిన ప్రామాణికాలు, మూల నమూనా తీసిన ఊరు, నెల ఇవ్వాలి. కొలతలు ముగిశాక మిగిలిన సగం ఫిల్టరును పారేయకుండా కాల్చిన రేకులో చుట్టి మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచాలి. కార్బన్-14 కొలతకు నిధులు రెండేళ్ల తరువాత దొరికినా అది పనికొస్తుంది. రేకు మీద ఊరు, తేదీ, గంట పెన్సిలుతోనే రాయండి, బాల్‌పెన్ సిరాలోనూ మార్కరులోనూ ఉండే సేంద్రియ ద్రావకాలు ఆవిరై ఫిల్టరుకు అంటవచ్చు.